విశాఖలో అధ్యాపక ఉద్యోగం, కంపెనీ ఉద్యోగం: ఆఫర్లను పోల్చడం, మాట్లాడుకోవడం, ఎంచుకోవడం

పిహెచ్‌డీ పూర్తి చేసి విశాఖపట్నంలోనే స్థిరపడాలనుకునే వారికి, లేదా ఏదో ఒక కళాశాలలో కొన్నేళ్లు పాఠాలు చెప్పి ఇక మారదామనుకునే వారికి, స్థూలంగా నాలుగు రకాల చోట్ల నుంచి ఆఫర్లు వస్తాయి. మొదటి రకం ప్రభుత్వ వేతన పట్టికను అనుసరించే సంస్థలు: 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐఐఎం, 2016లో మొదలైన పెట్రోలియం, ఇంధన విద్యాసంస్థ ఐఐపీఈ, సబ్బవరం దగ్గరి దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వంటివి. రెండవ రకం డీమ్డ్ (విశ్వవిద్యాలయంతో సమాన హోదా పొందిన), ప్రైవేటు విశ్వవిద్యాలయాలు. 1980లో ఇంజనీరింగ్ కళాశాలగా మొదలై 2007లో డీమ్డ్ హోదా పొందిన గీతం ఇందుకు మనకు దగ్గరి ఉదాహరణ. మూడవ రకం మధురవాడ నుంచి తగరపువలస దాకా ఒక వైపు, దువ్వాడ, సబ్బవరం దాకా మరో వైపు పరచుకొని, ఏదో ఒక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న ఇంజనీరింగ్, డిగ్రీ కళాశాలలు. నాలుగవది రుషికొండ ఐటీ కంపెనీలు, పరవాడ ఫార్మా యూనిట్లు మొదలైన పరిశ్రమ.

ఈ నాలుగు చోట్లా బేరానికి అవకాశం ఉంది, అయితే ఒక్కో చోట ఒక్కో విషయం మీద ఉంది. పట్టిక ప్రకారం జీతమిచ్చే సంస్థలో జీతం పెంచమని అడగడం, జీతం తప్ప మరేదీ మారని చోట పరిశోధన నిధి అడగడం, రెండూ సమయాన్నీ సద్భావాన్నీ వృథా చేసుకోవడమే. ఏ సంస్థ దేన్ని ఇవ్వగలదో, ఇవ్వడానికి అధికారం ఎవరి చేతిలో ఉందో ముందుగా తెలుసుకొని అడిగిన వారికే ఎంతో కొంత దక్కుతుంది. ఈ వ్యాసం ఆ తేడాలను వివరించడానికి ఉద్దేశించినది.

అంకెలను ఒకే కొలతకు తేవడం

ఒక సంస్థ 57,700 రూపాయల మూల వేతనం అంటుంది, మరొకటి ఏడాదికి 15 లక్షల ప్యాకేజీ అంటుంది. ఇంట్లో వాళ్లకూ బంధువులకూ రెండవ అంకె చాలా పెద్దదిగా వినిపిస్తుంది. లెక్క వేసి చూస్తే పరిస్థితి వేరుగా ఉంటుంది.

57,700 అనేది ఏడవ వేతన సంఘం తరువాత, విశ్వవిద్యాలయాల నియంత్రణ సంస్థ యూజీసీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నిర్ణయించిన అకడమిక్ లెవెల్ 10 ప్రారంభ వేతనం. కేంద్ర భత్యాలు వర్తించే సంస్థ అనుకొని, 2025 జూలై నుంచి అమలైన 58 శాతం కరువు భత్యాన్ని తీసుకుంటే 33,466 రూపాయలు కలుస్తాయి. విశాఖపట్నం కేంద్ర వర్గీకరణలో వై తరగతి నగరం కనుక ఇంటి అద్దె భత్యం 20 శాతం, అంటే 11,540 రూపాయలు. రవాణా భత్యం 3,600 రూపాయలు, దాని మీద కరువు భత్యం కలిపి 5,688. మొత్తం నెలకు 1,08,394 రూపాయలు. ఇందులో ఉద్యోగి వాటాగా జాతీయ పింఛను పథకానికి మూల వేతనం, కరువు భత్యం మీద పది శాతం, అంటే సుమారు 9,117 రూపాయలు, వృత్తి పన్ను 200 రూపాయలు పోగా ఆదాయపు పన్నుకు ముందు చేతికి దాదాపు 99,000 వస్తుంది. సంస్థ తన వాటాగా 14 శాతం, అంటే 12,763 రూపాయలు ప్రతి నెలా విడిగా జమ చేస్తుంది.

ఇప్పుడు 15 లక్షల ప్యాకేజీని విప్పి చూద్దాం. మూల వేతనం అందులో సగం, అంటే నెలకు 62,500 అనుకుందాం. సంస్థ చెల్లించే భవిష్యనిధి వాటా 12 శాతం, ఏడాదికి 90,000 రూపాయలు. దీనిని ప్యాకేజీలోనే కలిపి చూపిస్తారు. దీర్ఘ సేవకు ప్రతిఫలంగా ఇచ్చే గ్రాట్యుటీ పేరిట మూల వేతనంలో 4.81 శాతం, అంటే 36,075 రూపాయలు కూడా అందులోనే ఉంటుంది; ఇది సంస్థను వీడే నాటికి అర్హత ఉంటేనే చేతికి వస్తుంది. పనితీరును బట్టి ఇచ్చే భాగం పది శాతమైతే అది మరో లక్షన్నర. ఇవన్నీ తీసేస్తే నెలకు సుమారు 1,02,000 మిగులుతుంది. అందులోంచి ఉద్యోగి భవిష్యనిధి వాటా 7,500, వృత్తి పన్ను 200 పోగా చేతికి వచ్చేది 94,300 దరిదాపుల్లో ఉంటుంది. పనితీరు భాగం పూర్తిగా వస్తే నెలకు 12,500 చొప్పున లెక్కకు ఎక్కుతుంది, రాకపోతే లేదు.

అంటే 15 లక్షల ప్యాకేజీ, 57,700 మూల వేతనం దాదాపు ఒకే ఎత్తులో ఉన్న ఆఫర్లు. బీమా, ప్యాకేజీలో కలిపే భోజన కూపన్ల వంటివి ఉంటే తేడా మరికొంత మారుతుంది. అయితే రెండవ సంవత్సరం నుంచి దారులు వేరవుతాయి. పట్టికలో ఏటా సుమారు మూడు శాతం ఇంక్రిమెంటు, ఏడాదికి రెండుసార్లు కరువు భత్యం సవరణ, ఎవరినీ అడగకుండానే వస్తాయి. కంపెనీలో బాగా పనిచేసిన వారికి అంతకంటే చాలా ఎక్కువ రావచ్చు, కొందరికి ఏమీ రాకపోవచ్చు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వుల ప్రకారం నడుస్తాయి కనుక పై లెక్కను అక్కడికి యథాతథంగా తీసుకుపోకూడదు.

కొత్త పన్ను విధానంలో ఉన్న వారు ప్రైవేటు సంస్థతో మాట్లాడేటప్పుడు ఒక్క విషయం తప్పక అడగాలి. మూల వేతనంలో 14 శాతం వరకు సంస్థ జాతీయ పింఛను పథకానికి చెల్లిస్తే, ఆ మొత్తానికి ఆదాయపు పన్ను మినహాయింపు ఉంటుంది. ప్యాకేజీ మొత్తం మారకుండానే ఉద్యోగికి లాభం కలిగే ఏర్పాటు ఇది కాబట్టి, హెచ్‌ఆర్ విభాగానికి కాదనడానికి పెద్దగా కారణం ఉండదు. అయినా అడిగే వాళ్లు చాలా తక్కువ.

పట్టిక ఉన్న చోట ఏం అడగవచ్చు

ప్రభుత్వ వేతన పట్టిక ఉన్న సంస్థలో బేరమే ఉండదని చాలామంది నమ్మకం. పట్టిక మారదన్నది నిజమే, కానీ అందులో ఏ గడిలో ప్రారంభించాలన్నది కొంతవరకు చర్చకు వస్తుంది. ఇంతకుముందు ప్రభుత్వ లేదా ప్రభుత్వ రంగ సంస్థలో పనిచేసి, సక్రమ మార్గంలో, అంటే ఆ సంస్థ ద్వారా, దరఖాస్తు చేసిన వారికి పాత వేతనానికి రక్షణ కోరే అవకాశం ఉంటుంది. ఎంపిక సంఘం సిఫారసు మీద అదనపు ఇంక్రిమెంట్లతో నియమించే వెసులుబాటు చాలా సంస్థల నిబంధనల్లో కనబడుతుంది. రెండు ఇంక్రిమెంట్లంటే 57,700 బదులు 61,200 దగ్గర మొదలవుతారు. చూడటానికి 3,500 రూపాయల తేడాయే, కాని కరువు భత్యం, అద్దె భత్యం, పింఛను జమ అన్నీ మూల వేతనం మీదే లెక్కిస్తారు కనుక ఆ తేడా ఉద్యోగకాలమంతా వెన్నంటి వస్తుంది. దీన్ని అడగవలసిన సమయం ఇంటర్వ్యూ రోజున, ఆలస్యమైతే అంగీకార పత్రం పంపేలోపు. చేరిన తరువాత పెట్టుకునే వినతిపత్రాల గతి కార్యాలయాలతో పరిచయమున్న వారికి చెప్పనక్కర్లేదు.

జీతం తరువాత అడగదగినవి చేరే గడువు, క్వార్టర్, ప్రయోగశాల స్థలం, ప్రారంభ పరిశోధన నిధి. విదేశంలో పోస్ట్‌డాక్ (పిహెచ్‌డీ తరువాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) ముగించి వచ్చే వారికి మూడు నాలుగు నెలల గడువు అవసరమవుతుంది. కారణం రాసి అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు. ఐఐపీఈ, ఐఐఎం వంటి కొత్త సంస్థల్లో భవనాలూ పరికరాలూ ఇంకా సమకూరుతూ ఉంటాయి కనుక, ఏ పరికరం ఎప్పటికి వస్తుందో, అంతవరకు ఎక్కడ పనిచేయాలో చేరేముందే స్పష్టం చేసుకోవడం మంచిది.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. వీటిలో శాశ్వత నియామకాలు ఏళ్ల తరబడి జరగక, గెస్ట్, కాంట్రాక్టు అధ్యాపకులతోనే తరగతులు నెట్టుకొస్తున్న విభాగాలు చాలా ఉన్నాయి. పేరున్న విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆఫర్ అనగానే శాశ్వత ఉద్యోగమని అనుకోకుండా, నియామకం ఏ రకమో ముందుగా చూడాలి. గంటల లెక్కన జీతమిచ్చే గెస్ట్ ఉద్యోగంలో బేరానికి తావు లేదు. దాన్ని వేరే అవకాశం వచ్చేలోపు కాలక్షేపంగా ఎంచుకుంటున్నారో, శాశ్వత నియామకానికి మెట్టుగా భావిస్తున్నారో తమకు తామే తేల్చుకోవాలి. రెండవ ఆశకు ఎవరూ హామీ ఇవ్వలేరు.

డీమ్డ్, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు

ఇక్కడ జీతం చర్చకు లోబడి ఉంటుంది, కానీ నా ఉద్దేశంలో జీతం కంటే హోదా, బోధనా గంటలు ముఖ్యం. 2018 నాటి యూజీసీ నిబంధనలు అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల ప్రత్యక్ష బోధన, ఆపై హోదాలకు 14 గంటలు సూచించాయి. పరిశోధన ప్రతిపాదనలు రాయమని, ఏటా ఇన్ని పత్రాలు ప్రచురించమని లక్ష్యాలు పెట్టే సంస్థ, మొదటి రెండు సెమిస్టర్లలో పది పన్నెండు గంటలకు మించి ఇవ్వకుండా ఉండగలదా అని అడగడం న్యాయమైన కోరికే. జాతీయ ర్యాంకింగుల్లో ప్రచురణలకు విలువ ఉంది కనుక ఆ కోరికను సంస్థ ప్రయోజనంగా చెప్పుకునే వీలూ ఉంది.

హోదా ఎందుకు ముఖ్యమంటే, 2022 పిహెచ్‌డీ నిబంధనల ప్రకారం ఒకేసారి ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మాత్రమే పర్యవేక్షకులుగా ఉండగలరు. అదీ శాశ్వత అధ్యాపకులై, నిర్దేశించిన ప్రచురణలు ఉంటేనే. బయటి సంస్థలు యువ పరిశోధకులకు ఇచ్చే నిధులకు కూడా సాధారణంగా రెగ్యులర్ పదవి ఉండాలి. అందుచేత జీతం కాస్త ఎక్కువ ఇచ్చి "రీసెర్చ్ అసోసియేట్", "అడ్జంక్ట్" వంటి పేరు పెడతామన్న ఆఫర్ కంటే, జీతం కాస్త తగ్గినా రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ అన్న పేరే పరిశోధన చేయదలచిన వారికి మేలు.

ప్రారంభ పరిశోధన నిధి ఎంత అన్న ప్రశ్నకు పెద్ద అంకె వినిపిస్తే సంతోషించే ముందు, అది ఎన్ని విడతల్లో వస్తుంది, కొనుగోలు అనుమతి ఎవరిస్తారు, ఏడాది చివర ఖర్చు కాని సొమ్ము మురిగిపోతుందా అని అడగాలి. ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పే డీన్ ఉన్న చోట ఆ నిధి నిజంగానే ఉందని అనుకోవచ్చు.

అనుబంధ కళాశాలలు

అత్యధికులకు వచ్చేది ఈ రకం ఆఫరే, అత్యధికులు నష్టపోయేదీ ఇక్కడే. కనుక కొంచెం వివరంగా చెప్పాలి.

ఇంటర్వ్యూ పద్ధతి విశాఖ చుట్టుపక్కల దాదాపు ఒకేలా ఉంటుంది. డెమో క్లాసు అయ్యాక విభాగాధిపతి (హెచ్‌ఓడీ), ప్రిన్సిపాల్ గారు మాట్లాడతారు. "ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తున్నారు" అని అడుగుతారు. చెప్పిన అంకెను కాగితం మీద రాసుకొని "మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి చెబుతాం" అంటారు. అంకె నిర్ణయించే అధికారం ఆ గదిలో ఉన్న వారికి చాలాసార్లు ఉండదు. ప్రిన్సిపాల్ గారి మీద పట్టుదలకు పోయి ప్రయోజనం లేదు. ఆయన మీ తరఫున యాజమాన్యానికి చెప్పుకోగలిగిన కారణాలను ఆయన చేతికి అందించడమే మీ పని. మీ పిహెచ్‌డీ, ప్రచురణలు, గతంలో అక్రెడిటేషన్ ఫైళ్లు సిద్ధం చేసిన అనుభవం, ఇవే ఆ కారణాలు. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ లెక్క ప్రకారం ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి, ప్రొఫెసర్లు, అసోసియేట్లు, అసిస్టెంట్ల నిష్పత్తి ఒకటికి రెండు, ఆరుగా ఉండాలి. నాణ్యతను చూసి గుర్తింపు (అక్రెడిటేషన్) ఇచ్చే ఎన్‌బీఏ, నాక్ బృందాలు రాబోయే సంవత్సరంలో పిహెచ్‌డీ ఉన్నవారి విలువ ఆ కళాశాలలో పెరుగుతుంది. కంప్యూటర్ సైన్స్ విభాగంలో ఇది మరీ ఎక్కువ. సివిల్, మెకానికల్ విభాగాల వారు తమ బేరపు బలాన్ని అంతగా ఊహించుకోకూడదు.

జీతం అంకె కుదిరాక అసలు పని మొదలవుతుంది. ఆర్డర్‌లో "కన్సాలిడేటెడ్ పే 55,000" అని ఏకమొత్తంగా ఉండటానికీ, మూల వేతనం ఇంత, కరువు భత్యం ఇంత అని విడదీసి ఉండటానికీ చేతికొచ్చే సొమ్ములో తేడా ఉండకపోవచ్చు. కానీ రేపు విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు పాత సర్వీసును లెక్కలోకి తీసుకోవాలంటే యూజీసీ నిబంధనలు ఆ పదవి సమాన వేతన శ్రేణిలో ఉండాలంటాయి. తాత్కాలిక, కాంట్రాక్టు సేవైతే రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మొత్తం జీతానికి తగ్గకుండా తీసుకొని ఉండాలంటాయి. యాజమాన్యం ప్రైవేటుదా ప్రభుత్వానిదా అన్నది అక్కడ అడ్డు కాదు, ఆర్డర్‌లో రాసిన వేతనమే అడ్డు. ఏడెనిమిదేళ్లు కన్సాలిడేటెడ్ మీద పనిచేసి, ఆ కాలమంతా లెక్కకు రాదని దరఖాస్తుల స్క్రూటినీ రోజున తెలుసుకొన్న వారిని ఎందరినో చూశాను. అందుచేత పదివేలు ఎక్కువిచ్చే కన్సాలిడేటెడ్ ఆఫర్ కంటే స్కేలు (వేతన శ్రేణి) రాసి ఇచ్చే ఆఫర్‌కే నా ఓటు. దీన్ని తగువులా కాకుండా ఇలా అడగవచ్చు: "సర్, మీరు చెప్పిన మొత్తానికి నాకు అభ్యంతరం లేదండి. ఆర్డర్‌లో బేసిక్, డీఏ విడదీసి, స్కేలు పేర్కొని రాయించగలరా? ముందు ముందు సర్వీస్ లెక్కకు అవసరపడుతుంది."

రాటిఫికేషన్ సంగతి అడగకుండా చేరవద్దు. అనుబంధ కళాశాల తనంతట తాను చేసుకొన్న నియామకాన్ని విశ్వవిద్యాలయ ఎంపిక సంఘం ఆమోదిస్తేనే ఆ సర్వీసుకు బరువు. విశాఖ ప్రాంతపు ఇంజనీరింగ్ కళాశాలల్లో ఆ విశ్వవిద్యాలయం కాకినాడ జేఎన్‌టీయూ కావచ్చు, విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ కావచ్చు, ఆంధ్ర విశ్వవిద్యాలయం కావచ్చు; స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలకు తమ పద్ధతి ఉంటుంది. గత రాటిఫికేషన్ ఇంటర్వ్యూలు ఎప్పుడు జరిగాయి, తదుపరి ఎప్పుడు, మీ పేరు అందులో పంపుతారా అన్నది ముందే తేల్చుకోవాలి.

జీతం ఎంతన్నదానికంటే ఏ తేదీకి పడుతుందన్నది ఇంకా ముఖ్యమైన ప్రశ్న. మన రాష్ట్రంలో కళాశాలల రాబడిలో ఫీజు రీయింబర్స్‌మెంట్‌ది పెద్ద వాటా. ప్రభుత్వం నుంచి ఆ బకాయిలు ఆలస్యమైతే ఆ భారం మొదట అధ్యాపకుల జీతాల మీద పడుతుంది. దీన్ని ఇంటర్వ్యూ గదిలో అడిగితే "ఇక్కడ అలాంటిదేమీ లేదండి" అనే జవాబు వస్తుంది. అదే కళాశాలలో పనిచేస్తున్న వారినో, ఏడాది లోపు మానేసిన వారినో అడగాలి. మద్దిలపాలెం, ఎన్‌ఏడీ కూడళ్లలో ఉదయం కాలేజీ బస్సు కోసం నిలబడే అధ్యాపకులకు ఈ సమాచారం కంఠతా వచ్చు. వారినే మరో మూడు విషయాలు కూడా అడగండి: వేసవిలో అడ్మిషన్ డ్యూటీ పేరిట ఊళ్లు తిప్పుతారా, తలకు ఇన్ని సీట్లు తేవాలన్న లక్ష్యం పెడతారా, బ్యాంకులో పడిన జీతంలో కొంత తిరిగి ఇమ్మనే అలవాటు ఉందా. ఈ చివరిదానికి అవునన్న జవాబు వస్తే ఆ ఆఫర్‌ను పోలికలోంచే తీసేయాలి. దానికి ఏ అంకె కూడా సరితూగదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి, నకళ్లు ఇచ్చి, ఒరిజినల్స్ వెనక్కి తీసుకోవాలి. ఉంచమని గట్టిగా అంటే, కనీసం ఏయే పత్రాలు ఏ తేదీన తీసుకున్నారో ముద్ర వేసిన రసీదు అడగాలి. రసీదు ఇవ్వడానికి వెనకాడే చోట, రేపు మానేస్తానన్నప్పుడు ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ప్రయాణపు ఖర్చు కూడా జీతంలో భాగంగానే చూడాలి. గాజువాకలో ఇల్లుండి సంగివలస వైపు కళాశాలకు వెళ్లడమంటే నగరాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి రోజుకు రెండుసార్లు దాటడం. బస్సు ఉచితమా, జీతంలో కోస్తారా, మీ ఇంటి దగ్గర ఎన్ని గంటలకు వస్తుంది అన్నవి చిన్న ప్రశ్నలే. ఐదు వేలు ఎక్కువిచ్చే దూరపు కళాశాల, మధురవాడలో ఇంటికి దగ్గరున్న కళాశాల కంటే లాభమా నష్టమా అన్నది ఆ జవాబులతోనే తేలుతుంది.

కంపెనీల ఆఫర్లు

కంపెనీల్లో బేరం అందరూ ఊహించేదే కనుక క్లుప్తంగా చెబుతాను. మొత్తం ప్యాకేజీ పెంచమనడం కంటే పనితీరు భాగాన్ని తగ్గించి స్థిర భాగాన్ని పెంచమనడం, నోటీస్ కాలం పూర్తి చేయకుండా వచ్చేందుకు పాత సంస్థకు కట్టవలసిన సొమ్మును భరించమనడం, చేరినప్పటి బోనస్ అడగడం ఎక్కువ ఫలిస్తాయి. ఆ బోనస్‌ను ఏడాదిలోపు మానేస్తే తిరిగి ఇవ్వాలనే షరతు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతన స్మృతి (కొత్త కార్మిక చట్టం) ప్రకారం, వేతనం లెక్క నుంచి మినహాయించిన భత్యాలు మొత్తం పారితోషికంలో సగం దాటితే దాటిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలి. మూల వేతనాన్ని నామమాత్రంగా చూపి మిగతాదంతా "స్పెషల్ అలవెన్స్" అన్న పాత తరహా ఆఫర్ లెటర్ కనబడితే సవరించి ఇమ్మని అడగవచ్చు.

2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ డేటా కేంద్రం ప్రకటించినప్పటి నుంచి, విశాఖలో కంపెనీ జీతాలు త్వరలో పెరుగుతాయన్న మాట ఎక్కడ చూసినా వినబడుతోంది. పెరగవచ్చు. కానీ ప్రకటనను చూపించి ఎవరూ జీతం పెంచరు. చేతిలో రాతపూర్వకమైన మరో ఆఫర్ ఉంటేనే ఆ మాటకు విలువ. లేని ఆఫర్ ఉందని చెప్పడం మాత్రం వద్దు. ఈ ఊళ్లో హెచ్‌ఆర్ వారు ఒకరికొకరు ఫోన్ చేసుకోవడం పెద్ద పనేమీ కాదు.

ఆర్డర్‌ను చదివే విధం

ఆఫర్ ఏ రకానిదైనా నాలుగు చోట్ల కళ్లు ఆగాలి. మొదటిది కాలపరిమితి. "పదకొండు నెలలకు", "తదుపరి ఉత్తర్వుల వరకు" అన్న మాటలుంటే అది రెగ్యులర్ నియామకం కాదు, ప్రిన్సిపాల్ గారు ఏమి చెప్పినా సరే. రెండవది ప్రొబేషన్: ఎంతకాలం, ముగిసిందని రాతపూర్వకంగా ఇస్తారా, ఇవ్వకపోతే దానంతట అదే ముగిసినట్టా. మూడవది "యాజ్ పర్ నార్మ్స్" అన్న మాట. ఇంక్రిమెంటు నార్మ్స్ ప్రకారం, సెలవులు నార్మ్స్ ప్రకారం అని రాసి ఉంటే, ఆ నార్మ్స్ ఉన్న సర్వీస్ రూల్స్ పుస్తకం ప్రతిని ఇమ్మని అడగాలి. పుస్తకమే లేని చోట నార్మ్స్ ఉండవు. మహిళలు ప్రసూతి సెలవు విషయం ఇక్కడే సరిచూసుకోవాలి. గత పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసిన వారికి మొదటి రెండు కాన్పులకు 26 వారాల వేతన సెలవు చట్టబద్ధమైన హక్కు, యాజమాన్యం దయ కాదు.

నాలుగవది వదిలి వెళ్లే షరతు, దీనికే ఎక్కువ సమయం కేటాయించాలి. నోటీసు ఒక నెలా మూడు నెలలా, నోటీసు బదులు జీతం కడితే ఒప్పుకుంటారా, సెమిస్టర్ మధ్యలో రిలీవ్ చేయబోమన్న వాక్యం ఉందా, ఇన్నేళ్లు పనిచేయాలన్న బాండ్ ఉందా. బాండ్లు చెల్లవులే అన్న ధైర్యంతో సంతకం చేసే వారున్నారు. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు విధించిన మూడేళ్ల సేవ, రెండు లక్షల రూపాయల షరతును సుప్రీంకోర్టు 2025 మే నెలలో సమర్థించింది కనుక ఆ ధైర్యం పూర్తిగా నిలిచేది కాదు. మరోవైపు, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు ఇప్పించేది బాండ్ మీద రాసిన అంకెకు మించని సహేతుకమైన పరిహారమే తప్ప, ప్రతిసారీ ఆ అంకె మొత్తం కాదు. కోర్టు దాకా వెళ్లే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి, సంతకానికి ముందే బాండ్ కాలాన్ని తగ్గించమనో, సంస్థ మీ శిక్షణ మీద పెట్టిన ఖర్చుకే పరిమితం చేయమనో అడగడం తేలిక.

గ్రాట్యుటీ గురించి ఒక మాట. ప్రైవేటు విద్యాసంస్థల అధ్యాపకులకు గ్రాట్యుటీ వర్తించదన్న వాదనకు 2009 చట్ట సవరణ తెరదించింది. అది 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తిస్తుందన్న నిబంధనను సుప్రీంకోర్టు 2022లో సమర్థించింది. పదవీ విరమణ దాకా అక్కడే ఉండే ఉద్దేశం లేకపోయినా, ఐదేళ్లు నిండబోతున్న వారు కొత్త ఆఫర్‌కు ఒప్పుకునే ముందు తేదీలు చూసుకోవాలి. 62,500 వేతనం మీద ఐదేళ్లకు వచ్చేది 1,80,000 రూపాయల పైమాటే. రెండు నెలల తేడాతో దాన్ని వదులుకోవలసి వస్తే, ఆ సొమ్మును భర్తీ చేయమని లేదా చేరే తేదీని జరపమని కొత్త సంస్థను అడగడంలో తప్పు లేదు.

ఎవరికి ఏది

పరిశోధనే జీవితమనుకునే వారికి, చేతిలో కనీసం రెండేళ్లు ఆగగల ఆర్థిక వీలుంటే, పట్టిక ఉన్న సంస్థ మొదటి ఎంపిక, రెగ్యులర్ హోదా ఇచ్చే డీమ్డ్ విశ్వవిద్యాలయం రెండవది. ఇంటి రుణం, చిన్న పిల్లలు ఉండి ఈ నెల జీతం ఈ నెలే రావలసిన వారు కంపెనీ ఆఫర్‌ను చిన్నచూపు చూడవలసిన పని లేదు. నాలుగేళ్ల తరువాత బోధనకు తిరిగి రాగలరు, అయితే అప్పటికి ప్రచురణల్లో వచ్చే ఖాళీని పూరించుకోవలసి ఉంటుంది. అనుబంధ కళాశాలను ఎంచుకునే ముందు మూడు షరతులు చూడాలి: స్కేలు రాసి ఇవ్వాలి, రాటిఫికేషన్ ఖాయం కావాలి, జీతం తేదీ తప్పదని లోపలి వారు చెప్పాలి. మూడింటిలో రెండు లేకపోతే, ఇంటికి ఎంత దగ్గరైనా ఆలోచించాలి. భార్యాభర్తలిద్దరూ అధ్యాపకులైతే, ఇద్దరికీ ఒకే యాజమాన్యంలో ఉద్యోగమన్న ఆఫర్ ఆకర్షణీయంగా కనబడుతుంది. జీతాలు ఆగిన నెలలో ఇద్దరివీ ఒకేసారి ఆగుతాయన్నది కూడా లెక్కలో వేసుకోవాలి.

రెండు ఆఫర్లు సరిసమానంగా తోస్తే, విభాగాధిపతి ఎవరో చూసి ఎంచుకోమంటాను. మంచి హెచ్‌ఓడీ ఉన్న చోట టైంటేబుల్ నుంచి సెలవు దాకా సగం బేరాలు అవసరమే రావు.

నిర్ణయం అయ్యాక క్రమం తప్పకూడదు. కొత్త ఆర్డర్ సంతకంతో చేతికి వచ్చేదాకా పాత చోట రాజీనామా ఇవ్వకూడదు. వాట్సాప్‌లో వచ్చిన "కన్ఫర్మ్ అండి" ఆర్డర్ కాదు. రాజీనామా ఈమెయిల్‌లోనూ, కాగితం మీద ఇన్‌వార్డ్ ముద్రతోనూ రెండు విధాలా ఇవ్వాలి. రిలీవింగ్ లెటర్, సర్వీస్ సర్టిఫికెట్, చివరి మూడు నెలల జీతపు చీటీలు తీసుకోకుండా గేటు దాటకూడదు. సర్వీస్ సర్టిఫికెట్‌లో హోదా, వేతన శ్రేణి, చేరిన తేదీ, వదిలిన తేదీ సరిగ్గా ఉన్నాయో అక్కడే నిలబడి చదవాలి. వదులుకున్న ఆఫర్ ఇచ్చిన సంస్థకు కూడా అదే వారంలో కృతజ్ఞతతో రెండు వాక్యాల లేఖ పంపాలి. వారు మరొకరిని పిలవడానికి సెమిస్టర్ ఆరంభంలోపు సమయం చిక్కుతుంది, రేపు ఏ వైవాలోనో, బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశంలోనో అదే ప్రిన్సిపాల్ గారు ఎదురుగా కూర్చొని ఉంటారు.